ఇంటి దగ్గరే కారు ముందు షాక్ అబ్జార్బర్లు విప్పడం ఎలా?

స్పీడ్ బ్రేకర్ దిగగానే ముందు వైపు నుంచి డబ్బుమని చప్పుడు వస్తోందా? బ్రేకు వేస్తే కారు ముక్కు కిందికి వంగిపోతోందా? ముందు టైర్లు ఒకేలా అరగకుండా అక్కడక్కడా గుంటలు పడ్డాయా? ఈ మూడూ కలిసి కనిపిస్తే షాక్ అబ్జార్బర్ల పని దాదాపు అయిపోయినట్టే. వాటిని ఇంటి దగ్గరే విప్పుకోవచ్చు. మరీ కష్టమైన పని కాదు, కానీ తొందరపడి చేసే పని కూడా కాదు.

మన రోడ్ల మీద తిరిగే చిన్న కార్లలో చాలావాటికి ముందు వైపు ఉండేది మ్యాక్‌ఫర్సన్ స్ట్రట్. ఎర్ల్ మ్యాక్‌ఫర్సన్ అనే అమెరికన్ ఇంజినీరు 1940ల్లో రూపొందించిన పద్ధతి ఇది. షాక్ అబ్జార్బర్, దాని చుట్టూ కాయిల్ స్ప్రింగు, నెత్తిన రబ్బరు మౌంట్, బేరింగు అన్నీ ఒకే సెట్‌గా ఉంటాయి. ఆ సెట్ పై చివర బానెట్ కింద బాడీకి, కింది చివర చక్రాన్ని మోసే నకిల్‌కు బిగించి ఉంటుంది. పైన రెండో మూడో నట్లు, కింద రెండు పెద్ద బోల్టులు, మధ్యలో ఒకటి రెండు క్లిప్పులు విప్పితే సెట్ మొత్తం చేతికి వస్తుంది.

ఇక్కడే ఒక గీత గీసుకోండి. సెట్‌ను కారు నుంచి విప్పడం, మళ్లీ బిగించడం ఇంట్లో చేసుకోవచ్చు. సెట్ నుంచి స్ప్రింగును విడదీసే పని మాత్రం షాపుకే వదిలేయండి. ఆ స్ప్రింగు వందల కిలోల బలంతో నొక్కుకుని కూర్చుని ఉంటుంది. దాన్ని పట్టి ఉంచేది నెత్తిన ఉన్న ఒకే ఒక్క నట్టు. స్ప్రింగును కంప్రెసర్‌తో, అంటే స్ప్రింగును నొక్కి పట్టే పరికరంతో, బిగించకుండా ఆ నట్టు తీస్తే పైనున్న మౌంట్ తుపాకీ గుండులా లేస్తుంది. ఎదురుగా ఉన్నది మొహమైతే ఆ దెబ్బకు ప్రాణమే పోవచ్చు.

నిజంగా షాకబ్జార్బరేనా?

డబ్బు ఖర్చు పెట్టే ముందు ఇది చూసుకోవాలి. చిన్న చిన్న గతుకుల మీద టకటకమని శబ్దం వస్తే చాలాసార్లు తప్పు షాక్ అబ్జార్బర్‌ది కాదు, స్టెబిలైజర్ లింక్ రాడ్‌ది. మలుపుల్లో కారు ఒరగకుండా ఆపే స్టెబిలైజర్ రాడ్‌ను సస్పెన్షన్‌కు కలిపే చిన్న కడ్డీ అది. అది చాలా చవకైన భాగం, మార్చడమూ తేలిక. అందుకే ముందు దాన్ని చేత్తో గట్టిగా కదిపి చూడండి. దాని చివర గుండ్రటి బాల్ జాయింట్ దగ్గర వదులు తెలిస్తే మొదట అదే మార్చండి.

ఆగి ఉన్న కారులో స్టీరింగ్ తిప్పుతున్నప్పుడు స్ప్రింగు పట్టిపట్టి వదిలినట్టు టంగుమంటే అది పైనున్న మౌంట్ బేరింగు. ఇంకొకరిని స్టీరింగ్ తిప్పమని చెప్పి, టైరుకూ బాడీకీ మధ్య వేళ్లు ఇరుక్కోకుండా జాగ్రత్తపడుతూ స్ప్రింగు మీద చెయ్యి ఆనించండి. ఆ కుదుపు చేతికి తెలుస్తుంది.

షాక్ అబ్జార్బర్ ఒంటి మీద సన్నటి నూనె తడి, దాని మీద కాస్త దుమ్ము ఉంటే కంగారు అక్కర్లేదు. నూనె ధారలా కారి కింది వరకు వచ్చి ఉంటే మాత్రం మార్చాల్సిందే. మార్చేటప్పుడు ఎడమ, కుడి రెండూ కలిపి మార్చండి. ఒకటి కొత్తది, ఒకటి పాతది ఉంటే బ్రేకు వేసినప్పుడు, మలుపు తిరిగినప్పుడు రెండు వైపులా కారు ఒకేలా స్పందించదు.

పనికి కావాల్సినవి

కారుతో వచ్చే సన్నటి జాకీ దారిలో టైరు మార్చడానికి మాత్రమే. ఈ పనికి హైడ్రాలిక్ ట్రాలీ జాకీ ఒకటి, జాక్ స్టాండ్లు రెండు కావాలి. స్టాండ్లు లేకపోతే ఆ రోజు పని మొదలుపెట్టకండి. ఇటుకలు, సిమెంటు దిమ్మలు పేర్చి కారును నిలబెట్టడం చాలా చోట్ల చూస్తుంటాం. ఇటుక పగిలేటప్పుడు ముందుగా చెప్పి పగలదు. 2 టన్నుల స్టాండ్ల జత చిన్న కారుకు సరిపోతుంది. హైదరాబాద్ వాళ్లు రాణిగంజ్‌లో, విజయవాడ వాళ్లు ఆటోనగర్‌లో వెతికితే మంచివి దొరుకుతాయి. కొనేటప్పుడు స్టాండు పళ్లు సరిగ్గా పట్టుకుంటున్నాయో లేదో అక్కడే చూసుకోండి.

ఇక పానాలు. 10 నుంచి 19 వరకు సాకెట్ సెట్టు, అవే సైజుల్లో రింగ్ పానాలు, పట్టు కోసం పొడవాటి హ్యాండిల్ ఒకటి, 5, 6 సైజు అలెన్ కీలు, తీగ బ్రష్, సుత్తి, తుప్పు వదిలించే స్ప్రే, గట్టి తాడు లేదా ఇనప తీగ. వీటన్నిటికంటే ముఖ్యమైనది టార్క్ రెంచ్, అంటే ఎంత బలంతో బిగిస్తున్నామో కొలిచే పానా. విప్పడానికి అది అక్కర్లేదు కానీ అది లేకుండా బిగించడం నాకు ఇష్టం ఉండదు. కొనలేకపోతే తెలిసిన మెకానిక్ దగ్గర ఒక పూట అడిగి తెచ్చుకోండి. కళ్లకు అద్దాలు, చేతికి గ్లవ్స్ తప్పనిసరి. చక్రాల దగ్గర పేరుకున్న మట్టి నేరుగా కళ్లలోనే పడుతుంది.

మీ కారు సర్వీస్ మాన్యువల్‌లో సస్పెన్షన్ పేజీలు ముందే చదివి పెట్టుకోండి. దీనికి బలమైన కారణాలు ఉన్నాయి. కొన్ని మోడళ్లలో పైన రెండు మూడు నట్లకు బదులు మధ్యలో ఒకే పెద్ద నట్టు, దాని కింద ఒక ప్లేటు ఉంటాయి. ఆ నట్టు మౌంట్‌ను బాడీకి పట్టి ఉంచుతుంది, స్ప్రింగును పట్టుకునే నట్టు దాని కింద వేరుగా ఉంటుంది. మీ కారుకు ఏ పద్ధతి ఉందో బొమ్మ చూసి తెలుసుకోకుండా మధ్య నట్టు మీద పానా పెట్టవద్దు. అలాగే ఫోర్డ్ ఫిగో, ఫోక్స్‌వ్యాగన్ పోలో లాంటి కార్లలో కింద రెండు బోల్టులు ఉండవు. స్ట్రట్ గొట్టం నకిల్‌లోకి దిగి, ఒక బోల్టుతో నొక్కి ఉంటుంది. తుప్పు పడితే అది మొండికేస్తుంది. మొదటిసారి ఈ పని చేసేవాళ్లు అలాంటి కారుతో మొదలుపెట్టకపోవడమే మంచిది. ఇక్కడ చెప్పే క్రమం కింద రెండు బోల్టులు, పైన రెండో మూడో నట్లు ఉండే కార్లకు.

ముందు రోజు రాత్రి

తుప్పు వదిలించే స్ప్రేను ముందు రోజే కొట్టి వదిలేయండి. నకిల్ దగ్గరున్న రెండు బోల్టుల మరల మీద, లింక్ రాడ్ నట్టు మీద తీగ బ్రష్‌తో మట్టి గీకి, బాగా తడిసేలా కొట్టాలి. బ్రేకు డిస్కు మీద ఆ స్ప్రే పడకుండా గుడ్డ అడ్డం పెట్టండి. విశాఖ, కాకినాడ లాంటి సముద్రపు గాలి తగిలే ఊళ్లలో కార్లకు ఈ బోల్టులు బాగా పట్టేసి ఉంటాయి. మంచు పడే అమెరికా రాష్ట్రాల్లో రోడ్ల మీద ఉప్పు చల్లుతారు కాబట్టి అక్కడ ఉండే మనవాళ్లకు ఈ ఇబ్బంది ఇంకా ఎక్కువ. వాళ్లు స్ప్రే రెండు మూడు సార్లు కొట్టి ఉంచితే మర్నాడు చెయ్యి నొప్పి తగ్గుతుంది.

కారు లేపడం

చదునైన, గట్టి నేల కావాలి. అపార్ట్‌మెంట్ సెల్లార్‌లో చేస్తుంటే ర్యాంపుకు దగ్గరగా వద్దు, అక్కడ నేల వాలుగా ఉంటుంది. నున్నటి టైల్స్ మీద జాకీ జారుతుంది కాబట్టి అక్కడ కూడా వద్దు. మట్టి నేలైతే స్టాండ్ల కింద మందపాటి చెక్క పలకలు వేయండి.

హ్యాండ్ బ్రేక్ వేయండి, కారును మొదటి గేర్‌లో ఉంచండి, ఆటోమేటిక్ అయితే పార్క్‌లో. వెనక చక్రాలకు ముందూ వెనకా చెక్క దిమ్మలు అడ్డం పెట్టండి. చక్రం నట్లను కారు నేల మీద ఉండగానే కొద్దిగా వదులు చేయాలి. గాల్లో ఉన్న చక్రం మీద బలం వేస్తే కారు ఊగుతుంది.

మాన్యువల్‌లో చూపించిన చోటే జాకీ పెట్టి ముందు భాగం లేపి, రెండు వైపులా స్టాండ్లు పెట్టండి. ఒకే వైపు లేపి పని కానిచ్చేద్దాం అనిపిస్తుంది కానీ వద్దు. రెండు చక్రాలూ ఒకే ఎత్తులో వేలాడుతుంటే స్టెబిలైజర్ రాడ్‌లో మెలి ఉండదు, లింకు బోల్టు తేలిగ్గా వస్తుంది. కారు బరువు స్టాండ్ల మీదికి దిగాక, బాడీని చేత్తో గట్టిగా అటూ ఇటూ ఊపి చూడండి. కదలకుండా నిలిస్తేనే చక్రాలు తీయండి. తీసిన చక్రాలను కారు అంచు కిందికి పడుకోబెట్టి తోయండి. స్టాండు తప్పినా కారు పూర్తిగా నేలకు రాకుండా అవి ఆపుతాయి.

విప్పే క్రమం

ఒక వైపు సెట్ విప్పడం పూర్తయ్యాకే రెండో వైపు మొదలుపెట్టండి. అలా అయితే అనుమానం వచ్చినప్పుడు రెండో పక్కకు వెళ్లి ఎలా ఉందో చూసుకోవచ్చు. విప్పే ముందు ఫోన్‌తో నాలుగైదు ఫొటోలు తీయండి, ముఖ్యంగా బ్రేకు పైపు ఏ వంపులో ఉందో, బోల్టులు ఏ వైపు నుంచి దూరి ఉన్నాయో.

మొదట స్ట్రట్‌కు తగిలించి ఉన్న బ్రేకు రబ్బరు పైపు బ్రాకెట్‌ను విప్పండి. కొన్నిటికి చిన్న బోల్టు, కొన్నిటికి రేకు క్లిప్పు ఉంటుంది. ఏబీఎస్ ఉన్న కారైతే సెన్సర్ వైరు కూడా స్ట్రట్ మీదుగానే వెళ్తుంది, దాన్నీ గాడిలోంచి తీయండి. పైపును బ్రేకు కాలిపర్ (డిస్కును ప్యాడ్లతో నొక్కే భాగం) దగ్గర విప్పాల్సిన పని లేదు. విప్పితే బ్రేకు ఆయిల్ కారి, గాలి తీయాల్సిన పని కొత్తగా మీద పడుతుంది.

తర్వాత లింక్ రాడ్. అన్ని కార్లలోనూ ఇది స్ట్రట్‌కు ఉండదు. ఉంటే, నట్టు తిప్పుతుంటే లోపలి బాల్ కూడా దాంతో పాటే తిరుగుతుంది, ఎంతకీ వదలదు. బోల్టు చివర చూడండి, అలెన్ కీ పట్టే గుంట ఉంటుంది. అలెన్ కీతో బోల్టును కదలకుండా పట్టి, రింగ్ పానాతో నట్టు తిప్పండి. గుంట లేకపోతే బాల్ వెనక సన్నటి పానా పట్టేంత చదునైన అంచులు ఉంటాయి. గుంట తుప్పుతో పూడుకుపోతే ముందు దాన్ని సూదితో శుభ్రం చేయండి. సగం పట్టిన కీతో బలం వేస్తే గుంట గుండ్రంగా అరిగిపోతుంది. ఆ తర్వాత కోయడమే దారి.

ఇప్పుడు నకిల్ బోల్టులు. విప్పే ముందు స్ట్రట్ బ్రాకెట్ అంచు నకిల్ మీద ఎక్కడ ఉందో పెయింట్ మార్కర్‌తో గీత గీయండి. మార్కర్ లేకపోతే నెయిల్ పాలిష్ అయినా సరిపోతుంది. చక్రం లోపలికో బయటికో వాలి ఉండే కోణం, అంటే క్యాంబర్, ఈ జోడింపు మీదే ఆధారపడి ఉంటుంది. ఒక బోల్టు గుండ్రంగా కాకుండా గుడ్డు ఆకారంలో ఉంటే అది క్యాంబర్ సర్దడానికే పెట్టారు, దాని తల ఏ దిశలో ఉందో కూడా గుర్తు పెట్టండి.

నకిల్ కింద, లోయర్ ఆర్మ్ (నకిల్‌ను కింది వైపు నుంచి బాడీకి కలిపే చెయ్యి లాంటి భాగం) కింద జాకీని పెట్టి మెల్లగా ఆనించండి. లేపొద్దు, ఊరికే ఆసరా ఇవ్వండి. నకిల్ పై భాగాన్ని తాడుతో స్ప్రింగుకు కాకుండా బాడీకి కట్టండి. ఈ అడుగు చాలామంది వదిలేస్తారు. బోల్టులు తీయగానే నకిల్, డిస్కు, కాలిపర్ అన్నీ కలిసి బయటికి ఒరుగుతాయి. ఆ బరువు బ్రేకు రబ్బరు పైపు మీద పడితే పైపు లోపల దెబ్బతింటుంది, బయటికి కనిపించదు. గేర్‌బాక్స్ నుంచి చక్రాన్ని తిప్పే డ్రైవ్ షాఫ్ట్ ఎక్కువగా బయటికి లాగబడితే గేర్‌బాక్స్ వైపు జాయింట్ లోపల విడిపోతుంది. తాడు కట్టడానికి పట్టేది రెండు నిమిషాలు.

బోల్టు తలను ఒక పానాతో కదలకుండా పట్టి, నట్టును మాత్రమే తిప్పండి. కొన్ని బోల్టుల మెడ దగ్గర గరుకు పళ్లు ఉంటాయి, అవి రంధ్రంలో కరుచుకుని ఉంటాయి. తల తిప్పితే రంధ్రం పాడవుతుంది. నట్టు వదిలాక దాన్ని బోల్టు చివరికి సమానంగా వచ్చేంత మర వేసి ఉంచి, దాని మీద చెక్క ముక్క పెట్టి సుత్తితో కొట్టండి. మర దెబ్బతినకుండా బోల్టు వెనక్కి జరుగుతుంది. మొదటి బోల్టు తీసేయండి, రెండోది వదులు చేసి అలాగే ఉంచండి.

ఇక బానెట్ తెరవండి. కొన్ని కార్లలో పై నట్లు వైపర్ల కింది ప్లాస్టిక్ ప్యానెల్ చాటున ఉంటాయి, అప్పుడు వైపర్లు, ఆ ప్యానెల్ తీయాలి. మౌంట్ చుట్టూ ఉన్న నట్లనే ముట్టుకోండి, మధ్య నట్టును వదిలేయండి. మౌంట్ ఏ దిశలో కూర్చుని ఉందో ఇక్కడా ఒక గుర్తు పెట్టండి. ఒక్కటి మినహా మిగతా నట్లు తీసేయండి. ఆ ఒక్కటి కూడా వదులు చేసి, నాలుగు మరలు పట్టి ఉండేలా ఉంచండి.

ఇక్కడి నుంచి ఇద్దరు ఉంటే మంచిది. ఒకరు చక్రం గూటిలోంచి స్ట్రట్‌ను రెండు చేతులతో పట్టుకోవాలి, రెండోవాళ్లు కింది బోల్టు లాగి, తర్వాత పై చివరి నట్టు తీయాలి. జాకీని కాస్త దించి, నకిల్ పై భాగాన్ని తాడు అనుమతించినంత కొద్దిగా బయటికి వంచి, లోయర్ ఆర్మ్‌ను కిందికి నొక్కితే స్ట్రట్ జారి కిందికి వస్తుంది. బయటికి తీసేటప్పుడు డ్రైవ్ షాఫ్ట్ మీదున్న రబ్బరు బూట్‌కు రాసుకోకుండా చూడండి. బూట్ చిరిగితే గ్రీజు పోయి జాయింట్ చెడిపోతుంది.

సెట్ చేతికొచ్చాక

ఇప్పుడు ఆ రెండు సెట్లనూ, కొత్త షాక్ అబ్జార్బర్లనూ సస్పెన్షన్ పని చేసే షాపుకు తీసుకెళ్లండి. గోడకో బల్లకో బిగించిన స్ప్రింగ్ కంప్రెసర్ ఉన్న షాపునే ఎంచుకోండి. రెండు కొక్కేల కంప్రెసర్‌తో నేల మీద పెట్టి చేస్తామంటే వేరే చోటు చూసుకోండి. పైన మౌంట్, బేరింగు, బంప్ స్టాపర్ (షాక్ పూర్తిగా నొక్కుకున్నప్పుడు దెబ్బ తగలకుండా ఆపే దిమ్మ), దుమ్ము పడకుండా ఉండే రబ్బరు కవరు కూడా అదే సమయంలో కొత్తవి వేయించండి. ఇవి పాతవే పెడితే ఆరు నెలలకో ఏడాదికో మళ్లీ ఇదంతా విప్పాలి. ఎడమ, కుడి షాక్ అబ్జార్బర్లు వేరువేరుగా ఉంటాయి, వాటి మీద ముద్ర చూసి కలిసిపోకుండా పెట్టుకోండి. స్ప్రింగు చివర కింది గిన్నె గాడిలో సరిగ్గా ఆనిందో లేదో షాపులోనే మీ కళ్లతో చూడండి.

అమెరికాలో అయితే స్ప్రింగు, మౌంట్ అన్నీ బిగించి సిద్ధంగా ఉన్న సెట్టే చాలా కార్లకు దొరుకుతుంది. ధర ఎక్కువైనా అక్కడ ఇంటి దగ్గర చేసుకునేవాళ్లకు అదే సరైనది. కొన్ని విడిభాగాల దుకాణాల్లో డిపాజిట్ కట్టి పనిముట్లు తెచ్చుకునే సౌకర్యం కూడా ఉంది.

సెట్ బయట ఉన్నప్పుడు లోయర్ ఆర్మ్ బుష్‌లు, కింది బాల్ జాయింట్, స్టీరింగ్ రాడ్ చివర, బ్రేకు ప్యాడ్ల మందం చూసుకోండి. ఇంత సులువుగా ఇవన్నీ మళ్లీ కనిపించవు.

బిగించడం

సెట్‌ను పైకి ఎత్తి, పై నట్లు చేత్తో నాలుగు మరలు వేయండి. నకిల్‌ను రంధ్రాలకు సరిపెట్టి, ఫొటోలో చూసినట్టే అదే దిశలో బోల్టులు దూర్చండి. మీరు గీసిన గీతలు కలిసేలా నకిల్‌ను సర్ది, ఆ తర్వాత బిగించండి. ఒక్కసారి వాడి పారేసే రకం నట్లు అని మాన్యువల్ చెబితే కొత్తవే వేయాలి. ప్రతి బోల్టుకూ ఎంత బిగింపు అవసరమో ఆ అంకె మాన్యువల్‌లోనే చూసి టార్క్ రెంచ్‌తో బిగించండి. పై నట్లు సన్నవి, వాటికి తక్కువ బిగింపు చాలు. నకిల్ బోల్టుల బలంతో వాటిని తిప్పితే మర తెగిపోతుంది.

లింక్ రాడ్, బ్రేకు పైపు బ్రాకెట్, ఏబీఎస్ వైరు వాటి చోట్లలో పెట్టండి. అన్నీ అయ్యాక చక్రాలు తగిలించి, స్టీరింగ్‌ను పూర్తిగా ఎడమకు, పూర్తిగా కుడికి తిప్పి, బ్రేకు పైపు ఎక్కడా మెలిపడలేదని, బిగుసుకోలేదని, టైరుకు తగలదని చూడండి. కారు దించాక, చక్రం నట్లను ఎదురెదురుగా బిగించండి. చిన్న కార్లలో చక్రం నట్లకు సాధారణంగా 85 నుంచి 110 న్యూటన్ మీటర్ల మధ్య ఉంటుంది, మీ కారుకు కచ్చితమైన అంకె మాన్యువల్‌లో చూసుకోండి.

కదిలే ముందు బ్రేకు పెడల్‌ను రెండు మూడు సార్లు నొక్కి గట్టిగా తగులుతోందని నిర్ధారించుకోండి. మొదట ఖాళీ వీధిలో నెమ్మదిగా ఒక చుట్టు తిరగండి. కొత్త చప్పుడు ఏదైనా వినిపిస్తే అక్కడే ఆపి పై నట్లు, లింకు చూడాలి. అక్కడి నుంచి నేరుగా వీల్ అలైన్‌మెంట్ షాపుకు వెళ్లండి. మీ గీతలు ఎంత బాగా కలిసినా టో (పై నుంచి చూస్తే చక్రాల ముందు అంచులు లోపలికో బయటికో తిరిగి ఉండే కోణం), క్యాంబర్ కొద్దిగా మారి ఉంటాయి, వదిలేస్తే కొత్త టైర్లు కూడా ఒక పక్కే అరిగిపోతాయి. అలైన్‌మెంట్ చేసే అతనికి ముందు స్ట్రట్లు మార్చానని చెప్పండి, టో ఒక్కటే సరిచేసి పంపేయకుండా క్యాంబర్ అంకె కూడా చూపించమనండి. 50 నుంచి 100 కిలోమీటర్లు తిరిగాక చక్రం నట్లు మరోసారి టార్క్ రెంచ్‌తో చూసుకోండి.

పాత షాక్ అబ్జార్బర్లలో నూనె ఉంటుంది, చాలావాటిలో ఒత్తిడితో నింపిన గ్యాస్ కూడా ఉంటుంది. వాటిని కోయడం, వెల్డింగ్ మంట పెట్టడం, రంధ్రం చేయడం వద్దు. పాత ఇనుము కొనేవాళ్లకు ఇచ్చేటప్పుడు లోపల గ్యాస్ ఉందని నోటితో చెప్పి మరీ ఇవ్వండి.